గుప్పెడు వదులు

ఆ యేడు కాలవకి నీళ్ళొదిలారని
రేడియో చెప్పింది.
కాకుమాను దాటి మా దాకా నీళ్ళు రాలేదు,
రేడియో వచ్చింది.
పంచాయతీ ఆఫీసు చూరుకి కట్టిన మైకులోంచి
పొద్దున ఇరవై సూత్రాలు, మాపున ఇరవై సూత్రాలు.
ఇరవై అంటే ఎన్ని కుంచాలని అడిగాడు
మా నాయన జక్రయ్య.
నవ్వినవాళ్ళు చుట్టూ చూసుకుని నవ్వారు.

నల్లరేగడి నోళ్ళు తెరిచింది.
నెర్రెల్లో నా కాలు మోకాలి దాకా దిగేది.
గోగాకు ఉడకేసుకు తిన్నాం, ఉప్పు లేకుండా.
తర్వాత బలుసాకు.
బతికుంటే బలుసాకు తినొచ్చంటారు కదా,
మాకది సామెత కాదు, కూర.
నెల తిరక్కుండా పొదలు బోడివైపోయాయి.

అమ్మ గుంటూరు పోయి మిరపకాయలకి తొడాలు తీసేది.
గోడౌను నిండా ఎర్రటి గుట్టలు,
గుట్టల మధ్య ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడాళ్ళు.
రాత్రి వచ్చి నన్ను ముట్టుకునేది కాదు,
వేళ్ళు మండుతున్నాయని.
లోకానికి కారం పంపే జిల్లా మాది,
కలుపుకోడానికి మెతుకు లేదు.

పెదనందిపాడు వైపు రోడ్డు పని పెట్టారు.
కంకర కొడితే నూకలు.
మేస్త్రీ దగ్గర రెండు పుస్తకాలు,
ఒకటి పనికి, ఒకటి ఆపరేషన్‌కి.
రెండోదాంట్లో వేలిముద్ర పడితేనే
మొదటిదాంట్లో పేరు.
ఇదేం న్యాయమన్న ఏలియా మావని
జీపు ఎక్కించుకుపోయింది.
గోడ మీద సున్నంతో రాసి ఉండేది:
తక్కువ మాట్లాడు, ఎక్కువ పనిచెయ్.
నాకు చదవడం వచ్చింది ఆ గోడ మీదే.

నాయన మూడు రోజులు ఆలోచించాడు.
నాలుగో రోజు లారీ ఎక్కాడు.
మర్నాడు వంగి నడుస్తూ వచ్చాడు,
భుజాన నూకల మూట, చేతిలో ప్లాస్టిక్ బకెట్.
బకెట్ ఎందుకిచ్చారో ఎవరికీ తెలీదు,
బావిలో నీళ్ళు లేవు.
అమ్మ నూకలు చెరిగింది. రాళ్ళు ఏరింది.
చాలాసేపు ఏరింది.
నా తర్వాత పుట్టాల్సినవాణ్ణి
ఆ పూట మేం వండుకు తిన్నాం.
అప్పుడు నాకా సంగతి తెలీదు,
మళ్ళీ పెట్టమని అడిగాను.

నూకలూ అయిపోయాక
నల్లమడ వాగు గట్టు మీంచి వచ్చాడు యానాది పోలయ్య,
పలుగుతో, పొగకుండతో.
చేనుగట్టుకి చెవి ఆనించి పడుకున్నాడు,
డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టినట్టు.
"ఇక్కడ" అన్నాడు.
జానెడు తవ్వితే ఒక మలుపు, మూరెడు తవ్వితే ఇంకోటి,
ఆ లోపల గది.
గది నిండా వరి కంకులు,
కొరికి, పొందిగ్గా పేర్చి.
కిందటేడు మేం కోసిన చేనే,
ఆసామి గాదెకి పోగా
వాటి నోటికి దక్కిన వాటా.

సరుకు దాచినవాళ్ళని పట్టుకుంటున్నామని
మైకు రోజూ చెప్పేది.
మా ఊళ్ళో దాచినవి ఇవేనేమో అనుకున్నాను.
ఆసామి గాదె ముందు మాత్రం
పోలీసాయన మంచమేసుకు పడుకునేవాడు.

నాయన రెండు చేతులా తోడుతుంటే
పోలయ్య మణికట్టు పట్టుకున్నాడు.
"గుప్పెడు వదులు జక్రయ్యా.
లోన పిల్లలుంటయ్."
నాయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.
ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే,
కలుగులో మొహం పెట్టి,
మైకుకి వినపడకుండా.

దంచితే తవ్వెడు బియ్యం, ఎలుక వాసన.
గంజి కాచుకు తాగాం. బతికాం.
ఏలియా మావ కూడా వచ్చాడు, రెండో యేడు.
ఎవరు పేరు పెట్టి పిలిచినా
లేచి నిలబడేవాడు.

ఇప్పుడు మేం బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం.
అమ్మకి ఎనభై దాటాయి. మైకుల సంగతి మర్చిపోయింది,
నాయన పోయిన తేదీ మర్చిపోయింది.
బియ్యం డబ్బా మాత్రం అడుగంటా గీకదు.
పురుగు పడుతుందత్తయ్యా అని మా ఆవిడ కసిరినా
గుప్పెడు వదిలేసే మూత పెడుతుంది.

మొన్న చూశాను.
మూత పెట్టేముందు వంగి,
డబ్బాకి చెవి ఆనిస్తోంది.